అమెరికా చిన్న పట్టణాల్లో రాయితీ అద్దె ఇంటికి ఒక్క దరఖాస్తు చాలుతుందా?

చాలదు, సాధారణంగా ప్రతి నిరీక్షణ జాబితాకూ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ రాయితీ రెండు దారుల్లో అందుతుంది మరి. మొదటిది వోచరు, అంటే అద్దెలో కొంత భాగాన్ని భరించే సాయం. దీన్ని స్థానిక హౌసింగ్ అథారిటీ (ప్రభుత్వ గృహ సంస్థ) కుటుంబానికి ఇస్తుంది. ఇల్లు ఆ కుటుంబమే వెతుక్కోవాలి. రెండో రకం రాయితీ భవనానికే ముడిపడి ఉంటుంది. వ్యవసాయ శాఖ రుణంతో గ్రామీణ ప్రాంతాల్లో కట్టిన అపార్ట్‌మెంట్లు ఇలాంటివే. వీటికి నేరుగా భవన నిర్వాహకులనే అడగాలి. ఉదాహరణకు, వోచర్ల జాబితా మూసేసిన ఊళ్లోనే ఒక అపార్ట్‌మెంటు జాబితా తెరిచి ఉండవచ్చు. ఒకచోట పేరుంటే మరోచోట రాయించుకోకూడదనుకోవడం అపోహ, ఎన్నిచోట్లయినా రాయించుకోవచ్చు. చిరునామా మారితే మాత్రం అన్నిచోట్లా తెలపండి. జాబితా నిర్వాహకులు పంపిన ఉత్తరానికి మీ జవాబు రాకపోతే పేరు కొట్టేయవచ్చు.