ఉప్పును ఓర్చే వరి వంగడాలపై పని చేయాలంటే ఏ చదువు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. పొలం సముద్రానికి దగ్గర, చుట్టూ రొయ్యల గుంటలు. నాట్లు వేసిన కొద్ది రోజులకే ఆకుల కొనలు ఎండి దుబ్బులు చనిపోతున్నాయి. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఉప్పును తట్టుకొనే వరి రకాలు తయారు చేసే చదువే చదువుతానంటోంది. బీఎస్సీ అగ్రికల్చర్ మంచిదా, బయోటెక్నాలజీ మంచిదా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: మీ అమ్మాయి కోరుకుంటున్నది కొత్త వంగడం రూపొందించడమే అయితే బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేర్పించండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో జన్యుశాస్త్రం, మొక్కల ప్రజననం (కొత్త రకాలను పుట్టించే శాస్త్రం) విభాగంలో ఎంఎస్సీ చేయడానికి సాధారణంగా ఆ డిగ్రీనే అడుగుతారు. బయోటెక్నాలజీ చదివినవారికి ప్రయోగశాలలో జన్యువులపై పరిశోధన చేసే అవకాశం ఉంటుంది గానీ, పొలంలో వందల మొక్కల మధ్య నిలబడి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చే శిక్షణ ఆ చదువులో దొరకదు.

ఈ రంగంలో పని ఎలా ఉంటుందో ముందే తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. ఉప్పు విషయంలో వరి సున్నితమైన పైరు. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత విద్యుత్ వాహకత. అది మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. వేరు పీల్చుకున్న సోడియం ఆకులకు చేరి పేరుకుంటే ఆకు మాడిపోతుంది. కేరళలోని ఉప్పునీటి పొలాల్లో తరతరాలుగా పండుతున్న పొక్కలి, బెంగాల్‌కు చెందిన నోనా బొక్రా వంటి దేశవాళీ రకాలు దీన్ని బాగా ఓర్చుకుంటాయి. నోనా బొక్రాలో ఇందుకు కారణమైన ఒక జన్యువును శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. అది తయారుచేసే ప్రోటీన్ కాండంలోకి ఎక్కుతున్న నీటిలోని సోడియంను పక్క కణాల్లోకి లాగేస్తుంది. దాంతో ఆకుకు సోడియం తక్కువగా, పొటాషియం తగినంతగా చేరుతుంది. పొక్కలిలో ఉప్పును ఓర్చే గుణాన్నిచ్చే, సాల్టాల్ అని పేరుపెట్టిన డీఎన్‌ఏ భాగం కూడా ఒకటో క్రోమోజోములోనే, ఆ జన్యువు ఉన్న ప్రాంతంలోనే ఉంది.

అయితే సాల్టాల్ ప్రధానంగా నారు దశలోనే రక్షణ ఇస్తుంది. వరికి ఉప్పు దెబ్బ గట్టిగా తగిలే మరో దశ పూత. ఆ దశలో ఓర్పును వేరే జన్యువులు, చాలా సంఖ్యలో, నిర్ణయిస్తాయి. అందుకే నారు బతికినా వెన్నులో తాలు మిగలవచ్చు. నా దృష్టిలో మీ అమ్మాయి తరానికి మిగిలి ఉన్న అసలు సమస్య ఇదే, చేయవలసిన పని ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

పైగా పొక్కలి పొడవుగా పెరిగి పడిపోతుంది, బియ్యం ఎర్రగా ఉంటాయి, దిగుబడి తక్కువ. దాని నుంచి ఉప్పును ఓర్చే గుణం మాత్రం తీసుకొని మిగతాది వదిలించుకోవాలంటే, సంకరం చేసిన మొక్కను మనకు నచ్చిన రకంతో మళ్లీ మళ్లీ కలపాలి. ప్రతిసారీ పొక్కలి వాటా సగటున సగానికి తగ్గుతుంది. కావలసిన ముక్క నిలిచిందో లేదో డీఎన్‌ఏ మార్కర్లతో (డీఎన్‌ఏలోని గుర్తులతో) చూస్తారు.

ఆ సంకరం చేతిపని. సాయంత్రం పూట, ఇంకా విచ్చుకోని వరి పువ్వు పైభాగాన్ని కత్తెరతో కోసి, లోపలి ఆరు కేసరాలనూ కీలాగ్రం (పుప్పొడిని అందుకొనే ఆడ భాగం) చెదరకుండా చిమ్టాతో తీసి, వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడుగుతారు. మర్నాడు పువ్వులు విచ్చే వేళ మగ రకం పుప్పొడిని దానిపై దులుపుతారు. తర్వాతి తరాల మొలకలను రంధ్రాలున్న థర్మోకోల్ పలకల్లో నాటి, ఉప్పు కలిపిన పోషక ద్రావణంపై తేలనిచ్చి, ఆకు ఎంత మాడిందో చూసి 1 నుంచి 9 వరకూ మార్కులు వేస్తారు. 1 అంటే దాదాపు క్షేమం, 9 అంటే చనిపోయినట్టే. ఈ పనిలో ఓపికే పెట్టుబడి. సంకరం మొదలుపెట్టిన రోజు నుంచి రకం విడుదలయ్యేదాకా పదేళ్లు పట్టడం మామూలే.

జన్యు సవరణ (మొక్క సొంత జన్యువునే కావలసిన చోట మార్చడం) ఈ కాలాన్ని తగ్గిస్తోంది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రెండు సవరించిన వరి రకాల్లో ఒకటైన పూసా డీఎస్టీ రైస్ 1 మన మార్టేరు పరిశోధన స్థానం రకం ఎంటీయూ 1010 నుంచే వచ్చింది. కరవును, ఉప్పును తట్టుకోవడం దాని ఉద్దేశం. ఇటువంటి రకాన్ని కూడా చివరికి చౌడు పొలంలోనే పరీక్షించాలి కాబట్టి ప్రజననం చదివినవారి అవసరం తగ్గదు.

ప్రవేశానికి ఏపీ ఈఏపీసెట్ రాయించండి. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది; భూమి పత్రాలు, చదువు ధ్రువపత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష సీయూఈటీ కూడా రాస్తే ఇతర రాష్ట్రాల వ్యవసాయ కళాశాలల్లోనూ అవకాశం ఉంటుంది. డిగ్రీ నాలుగేళ్లు, ఎంఎస్సీ రెండేళ్లు, ఆపై పీహెచ్‌డీ. శాస్త్రవేత్తగా స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలన్న లెక్కతోనే ఇంట్లో డబ్బు సర్దుకోండి. మధ్యలో ఆగవలసి వచ్చినా నష్టం లేదు: వ్యవసాయాధికారి, బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్, విత్తన కంపెనీ ఉద్యోగాలకు డిగ్రీ సరిపోతుంది.

పరీక్షలు అయ్యాక అమ్మాయిని నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్లండి. నెల్లూరు మసూరి రూపొందినది అక్కడే. వీలైతే ఎంసీఎం 100 వంటి ఉప్పును ఓర్చే రకాలు ఇచ్చిన మచిలీపట్నం పరిశోధన స్థానాన్ని కూడా చూపించండి. వెళ్లేటప్పుడు మీ పొలం మట్టిని పరీక్షకు ఇవ్వండి. అది లవణాలు పేరుకున్న పాలచౌడో, సోడియం పట్టిన కారుచౌడో తేలాలి. కారుచౌడయితే జిప్సం వేయాలి. పాలచౌడుకు మంచినీటితో కడిగి మురుగునీరు బయటికి పోనివ్వడం ముఖ్యం. ఆ మట్టి నమూనాను అమ్మాయి చేతే తీయించండి.