రిపేరుకిచ్చిన గిటార్ మోతతో తిరిగొచ్చింది: షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: నేను రాజమండ్రిలో ఉంటాను. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల సీజన్లో ఒక ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. నాది మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న స్ట్రాట్ రకం గిటార్. వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందని, కేబుల్ గుచ్చే జాక్ లూజైందని హైదరాబాద్‌లో ఒక షాపులో ఇచ్చాను. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం), జాక్ రెండూ మార్చి 2,800 రూపాయలు తీసుకున్నారు. డబ్బు ఫోన్‌లో పంపాను. బిల్లు ఇవ్వలేదు, చిన్న స్లిప్పు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి ఆంప్‌కి పెట్టిన దగ్గర్నుంచి ఆగకుండా గుయ్‌మని మోత. ఇదివరకు ఇంత లేదు. ఫోన్ చేస్తే "సింగిల్ కాయిల్ అంటే అంతే, పైగా మీ ఇంట్లో ఎర్తింగ్ బాలేదు" అంటున్నారు. మళ్లీ చూడాలంటే 1,500 అడుగుతున్నారు. స్లిప్పు మీద "రిపేరు చేసిన వస్తువుకు గ్యారంటీ లేదు, వివాదాలు హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే" అని అచ్చు వేసి ఉంది. ఈ మోత వల్ల రెండు ప్రోగ్రాములు పోయాయి. కేసు వేస్తే నిలబడుతుందా? ప్రతి వాయిదాకీ హైదరాబాద్ వెళ్లాలా?

జవాబు: వెళ్లక్కర్లేదు. కేసు నిలబడుతుందా అన్నది మాత్రం మీరు గిటార్ తీగల మీద చెయ్యి వేసినప్పుడు ఏం జరుగుతుందో దాని మీద ఆధారపడి ఉంది. వకీలు ఇలా మాట్లాడతాడేమిటి అనుకోకండి. సేవలో లోపం ఉందని రుజువు చేసే బాధ్యత ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది. "ముందు లేదు, ఇప్పుడుంది" అంటే సరిపోదు. ఆ మోత షాపు వాళ్ల చేతిపని వల్లే వచ్చిందని చూపించాలి.

వాళ్ల మాటలో సగం నిజముంది. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన చుట్ట. గిటార్ తీగల కదలికతో పాటు గోడల్లో పారే 50 సైకిళ్ల కరెంటు మోతనీ అది పట్టేస్తుంది. ఈ బాధ తప్పించడానికే గిబ్సన్ కంపెనీలో సెథ్ లవర్ రెండు చుట్టలు ఎదురెదురుగా పనిచేసే హంబకర్ తయారుచేసి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది చేతికొచ్చింది 1959లో. ఈలోగా పికప్‌ల అడుగున "పేటెంటుకు దరఖాస్తు చేశాం" అని స్టిక్కర్ అంటించి అమ్మారు. ఆ స్టిక్కర్ ఉన్న పాత పికప్‌లకు ఇప్పుడు బంగారం ధర. మా వృత్తిలో పెండింగ్ దరఖాస్తుకి ఇంత విలువ రావడం నేను ఇంకెక్కడా చూడలేదు. సరే, విషయానికొద్దాం. కొంత మోత మీ గిటార్ స్వభావంలోనే ఉంది. ఎంతవరకు స్వభావం, ఎక్కడి నుంచి షాపు తప్పు అన్నదే తేల్చాలి.

ఇప్పుడు తీగల పరీక్ష. ఆంప్ మూడు పిన్నుల ప్లగ్ సరైన ఎర్త్ ఉన్న సాకెట్లోనే పెట్టండి. కాళ్లకు చెప్పులుండాలి, పక్కన మైకు ముట్టుకోకూడదు. తీగలు తాకితే ఇదివరకే చిమచిమలాడి ఉంటే ఈ పరీక్ష వద్దు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తీగల మీద చెయ్యి పెట్టగానే మోత తగ్గితే, వైరింగ్‌లో ఎర్త్ దారి బాగానే ఉన్నట్టు. అది మామూలు సింగిల్ కాయిల్ లక్షణం, లేదా గదిలో ఉన్న రెగ్యులేటర్, ఎల్‌ఈడీ లైటు, ఇన్వర్టర్ మహిమ. పికప్ ఎంచుకునే ఐదు స్థానాల స్విచ్‌లో రెండో చోట, నాలుగో చోట మోత బాగా తగ్గిపోతున్నా అదే అర్థం. చాలా స్ట్రాట్‌లలో మధ్య పికప్‌ని తిరగచుట్టి ఉంచుతారు కాబట్టి ఆ రెండు చోట్ల హంబకర్‌లా పనిచేస్తుంది. ఈ ఫలితం వస్తే మీ కేసు బలహీనం. ముందే చెబుతున్నాను.

చెయ్యి వేసినా మోతలో తేడా లేకపోతే కథ మారుతుంది. తీగలు ఎర్త్‌కి కలవడం లేదన్నమాట. మీలాంటి గిటార్లలో వాల్యూమ్ పాట్ వీపు మీద సోల్డర్ చేసిన ఒక వైరు చెక్క లోపలి నుంచి వెనక స్ప్రింగుల గూట్లోకి వెళ్లి, అక్కడి ఇనప పట్టీకి అతుక్కుని ఉంటుంది. వాల్యూమ్ పాట్ మార్చాలంటే పాత పాట్ నుంచి ఆ వైరు ఊడదీసి కొత్తదానికి అతకాల్సిందే. షాపువాడు మార్చింది సరిగ్గా ఆ పాట్‌నే! ఆ వైరు ఊడి ఉన్నా, సరిగ్గా కరగని సోల్డర్‌తో పైపైన అంటుకుని ఉన్నా, తప్పు ఎవరిదో గిటారే సాక్ష్యం చెబుతుంది. చెయ్యి వేస్తే మోత పెరుగుతోందంటే జాక్ దగ్గర సిగ్నల్ వైరూ ఎర్త్ వైరూ తారుమారయ్యాయని గట్టి అనుమానం. ఆ జాక్ కూడా వాళ్లు పెట్టిందే.

మీ ఇంటి ఎర్తింగ్ మీదికి నెట్టిన వాదనకు రెండు జవాబులు సిద్ధం చేసుకోండి. ఒకటి, ఇంకెవరిదైనా సింగిల్ కాయిల్ గిటార్ తెచ్చి అదే సాకెట్, అదే కేబుల్, అదే ఆంప్‌తో వీడియో తీయండి. రెండోది ఇంకా బలమైనది. చాలా చర్చిల్లో ఆదివారం ఆరాధన లైవ్ పెడుతున్నారు కదా. మీ చర్చి వీడియోల్లో రిపేరుకు ముందు వారాలవి, తర్వాత వారాలవి తీయండి. అదే హాలు, అదే మిక్సర్, అదే గిటార్, పైగా తేదీతో సహా. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్న నిశ్శబ్దంలో వెనక మోత వినిపిస్తే ఇంటి ఎర్తింగ్ వాదన అక్కడితో సరి. ఈ వీడియోలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తే సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరం రాదు.

ఒక హెచ్చరిక. గిటార్ మీరు విప్పకండి, వేరే మెకానిక్‌తో ఇప్పుడే విప్పించకండి. ఇలాంటిదే ఒక కీబోర్డు కేసు నా దగ్గరికి వచ్చింది. మొదటి షాపు చెడగొట్టింది నిజమే. కానీ మా క్లయింటు కోపంలో రెండో మెకానిక్ దగ్గర బోర్డు ఊడదీయించి, అతికించి, ఆ తర్వాత నా ఆఫీసుకొచ్చాడు. ఎదుటి లాయరు ఒకే ప్రశ్న అడిగాడు: "ఈ సోల్డర్ ఇద్దరిలో ఎవరిదండీ?" మా దగ్గర ఫొటో లేదు. నేను కూర్చున్నాను.

కాబట్టి ముందు షాపుకి రాతపూర్వకంగా చెప్పండి. వాట్సాప్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ ఇలా రాస్తే చాలు: "ఫలానా తేదీన మీరు నా గిటార్‌కి వాల్యూమ్ పాట్, జాక్ మార్చి 2,800 రూపాయలు తీసుకున్నారు. బిల్లు ఇవ్వలేదు. ఆ రోజు నుంచి తీగలు తాకినా తగ్గని మోత వస్తోంది. వీడియో పంపుతున్నాను. పది రోజుల్లోగా అదనపు చార్జీ లేకుండా సరిచేయండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. తీసేసిన పాత పాట్, జాక్ కూడా నాకు ఇవ్వండి." తిట్లు, బెదిరింపులు వద్దు. ఈ కాగితాన్ని రేపు కేసు వినే వినియోగదారుల కమిషన్ చదువుతుంది.

దీన్ని రిపేరైన 30 రోజుల్లో పంపగలిగితే మంచిది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే ఒక అనుచిత వ్యాపార విధానం. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బును, బిల్లులో గడువు రాయనప్పుడు, 30 రోజుల్లోగా వాపసివ్వడానికి నిరాకరించడం ఇంకొకటి. బిల్లు లేదని మీరు భయపడుతున్నారు గానీ, బిల్లు లేకపోవడం వాళ్లకే ఇబ్బంది. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, స్లిప్పు, మెసేజ్‌లు మీకు చాలు.

షాపు దిగొచ్చి "తీసుకురండి చూస్తాం" అంటే ఇవ్వండి, కానీ ఉచితంగా చేస్తామని మెసేజ్ వచ్చాకే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం నైపుణ్యంతో పనిచేసినవాడు తన కూలి అందేదాకా వస్తువు తన దగ్గరే ఉంచుకోవచ్చు. మాట రాతలో లేకపోతే ఆ 1,500 కోసం గిటార్ కౌంటరు వెనకే ఉండిపోతుంది.

పది రోజుల్లో జవాబు లేకపోతే అప్పుడు రెండో టెక్నీషియన్. మొదటి స్క్రూ తిప్పే ముందు నుంచి వీడియో తీయాలి. పిక్‌గార్డ్ (గిటార్ ముందువైపు ప్లాస్టిక్ పలక) లేపాక పాట్ వీపు, జాక్, వెనక గూడు దగ్గరి నుంచి ఫొటోలు. మల్టీమీటర్ ఒక కొన తీగకు, రెండో కొన కేబుల్ ప్లగ్ బయటి లోహానికి పెడితే రీడింగ్ సున్నాకు దగ్గరగా రావాలి. దారి తెగి ఉంటే రాదు. ఆ రీడింగ్ కూడా వీడియోలో పడనివ్వండి. తర్వాత బాగుచేయించి, ఏం దొరికిందో రాసిన బిల్లు తీసుకోండి. కమిషన్ అఫిడవిట్లు, డాక్యుమెంట్ల మీదే నడుస్తుంది కాబట్టి ఆ టెక్నీషియన్ అఫిడవిట్ ఇవ్వడానికి ఒప్పుకుంటాడో లేదో పని మొదలుపెట్టక ముందే అడగండి. చాలామంది "మాకెందుకండీ కోర్టు గొడవ" అంటారు.

మీరు పెళ్లిళ్లలో వాయించి సంపాదిస్తారు కాబట్టి "ఇది వాణిజ్య ప్రయోజనం, ఇతను వినియోగదారుడే కాదు" అని ఎదుటివాళ్లు అంటారు. కంగారు పడకండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకునేవాళ్లను ఆ మినహాయింపు తాకదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. గిటార్ మీరే వాయిస్తున్నారని ఫిర్యాదులో ఒక వాక్యం రాయండి. ఆర్కెస్ట్రా మీ సొంతమై, పదిమందికి జీతాలిచ్చి నడిపిస్తుంటే నా జవాబు వేరేగా ఉండేది.

స్లిప్పు మీది అచ్చు సంగతి. గ్యారంటీ లేదంటే, చేసిన పని ఎంతకాలం నిలుస్తుందో హామీ ఇవ్వను అని. పనే సరిగ్గా చేయను అని కాదు. ఇక హైదరాబాద్ పరిధి. 1986 నాటి పాత చట్టంలో ఎదుటివాడున్న చోటికో, వివాదం పుట్టిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. కొత్త చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. చట్టం ఇచ్చిన హక్కును స్లిప్పు తీసేయలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో దాఖలు చేయొచ్చు, విచారణ వీడియోలో జరపమని కోరవచ్చు. గడువు రెండేళ్లు. కేసుకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చిన్న షాపులు లొంగుతాయన్న భరోసా లేదు గానీ ఖర్చు లేని పని. ఎదుటివాళ్లకు కమిషన్ నోటీసు అందాక మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకు మించే పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఎంత అడగాలి? 2,800 వాపసు, రెండో రిపేరు బిల్లు, ప్రయాణ ఖర్చు, మనస్తాపానికి ఒక సబబైన మొత్తం, కేసు ఖర్చులు. పోయిన ప్రోగ్రాములకు డబ్బు కావాలంటే ఆర్గనైజర్ "ఈ సౌండుతో వద్దు, వేరేవాళ్లని పెట్టుకున్నాం" అన్న మెసేజ్ ఉండాలి. నోటిమాటకు రాదు. ఐదు లక్షలు రాయమనే సలహాదారులు ఉంటారు, వినకండి. 2,800 పనికి ఐదు లక్షలు అడిగిన ఫిర్యాదును కమిషన్ అనుమానంగానే చూస్తుంది.

పోలీసు స్టేషన్ ఆలోచన ఉంటే మానుకోండి. సోల్డర్ సరిగ్గా లేకపోవడం నేరం కాదు. మీ అసలు పికప్‌లు తీసేసి చౌకవి పెట్టారని తేలితే అది వేరే విషయం. అప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నమ్మకద్రోహం వస్తుంది. రెండో టెక్నీషియన్ పిక్‌గార్డ్ లేపినప్పుడు పికప్‌ల అడుగుభాగం కూడా ఫొటో తీయమనండి.

తీగలు తాకితే మోత తగ్గి, అరువు తెచ్చిన గిటార్ కూడా అదే సాకెట్లో అలాగే మోగితే మాత్రం షాపుకి ఆ ఉత్తరం పంపకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ ఎర్త్ పిన్ నిజంగా భూమిలోకి వెళ్తోందో లేదో చూపించండి. ఎర్త్ లేదని తేలితే కొందరు ప్రమాదకరంగా సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి కలిపేసి వెళ్లిపోతారు. అతను స్క్రూడ్రైవర్ తీసినప్పుడు పక్కనే నిలబడండి.