ప్రమాదకర సరుకుల రవాణా: కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: నేను కర్నూలులో యాసిడ్ ట్యాంకర్ నడుపుతాను. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆరు నెలల ‘డేంజరస్ గూడ్స్’ కోర్సు చేస్తే ఎయిర్ కార్గోలో ఉద్యోగం ఖాయమని, లక్షన్నర కట్టమని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వెంటపడుతున్నారు. ఇన్నేళ్లూ నేను భయపడుతూ చేసిన పనిలోకే నా బిడ్డనూ పంపాలా? అసలు ఇందులో భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ లక్షన్నర కట్టకండి. విమానంలో ప్రమాదకర సరుకు పంపేవాళ్లకూ, ప్యాక్ చేసేవాళ్లకూ, కార్గోలో దాన్ని తీసుకునేవాళ్లకూ శిక్షణ తప్పనిసరి అన్నది నిజమే. కానీ అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలో కొద్ది రోజుల్లో అయిపోయే శిక్షణ. ఆ సర్టిఫికెట్ చెల్లేది 24 నెలలే, తర్వాత మళ్లీ చేయాలి. ఉద్యోగం రాకముందే చేస్తే, ఇంట్లో ఖాళీగా ఉన్న నెలలు కూడా ఆ గడువులోంచే పోతాయి. పైగా ఎవరు చేసే పనికి తగ్గ శిక్షణ వాళ్లకివ్వాలన్న పద్ధతి 2023 నుంచి వచ్చింది. అందుకే చేర్చుకున్న కంపెనీయే సాధారణంగా తన ఖర్చుతో పంపిస్తుంది. ఆరు నెలల కోర్సు, ఉద్యోగం ఖాయం అని ఎవరన్నా సరే, ముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూడండి.

ఇక మీ భయం. అది అర్థం చేసుకోదగ్గదే, కానీ అమ్మాయి చేయబోయేది మీ పని కాదు. సరుకు ఏ కోవకు చెందుతుందో తేల్చడం, తగిన డ్రమ్ముల్లో, పెట్టెల్లో ప్యాక్ అయిందో లేదో చూడటం, గుర్తులు అంటించడం, సరుకు వివరాలు ధ్రువీకరించే డిక్లరేషన్ రాసి సంతకం పెట్టడం – ఆఫీసు, గోడౌన్ మధ్య తిరిగే పని. మీలాంటి డ్రైవర్ల ప్రాణాలు ఆ సంతకం మీద ఆధారపడి ఉంటాయి.

మీ ట్యాంకర్ బోర్డు మీద 1789 అని ఉంటుంది కదా, అది హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు ఐక్యరాజ్యసమితి పద్ధతిలో ఇచ్చిన నంబర్. చెన్నై పోర్టులోనైనా, దుబాయ్‌లోనైనా, రోటర్‌డామ్‌లోనైనా అదే నంబర్, అదే అర్థం. ప్రమాదకర సరుకులన్నిటినీ ఇలా తొమ్మిది క్లాసులుగా విడదీశారు. మీ యాసిడ్ ఎనిమిదో క్లాసు. గొందిపర్లలో తయారయ్యే క్లోరిన్ రెండు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ఏడు. పెనుకొండ దగ్గర తయారయ్యే కార్లలో ఉండే ఎయిర్‌బ్యాగులు ఎక్కువగా తొమ్మిదో క్లాసు కింద రవాణా అవుతాయి, లిథియం బ్యాటరీలదీ అదే క్లాసు. మన సీమ నాలుగు దిక్కులా ఈ పని ఉంది, మనవాళ్ల దృష్టి మాత్రం దీనిమీద పడలేదు.

మీ అమ్మాయి చదువు ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. కర్నూలులోనే తయారయ్యే ఇంకో సరుకు కాల్షియం హైపోక్లోరైట్, నీళ్ల శుద్ధికి వాడే ఘాటైన బ్లీచింగ్. ఇది ఐదో క్లాసు. తాను మండదు గానీ పక్కనున్నదాన్ని మండిస్తుంది. వేడి తగిలితే తనంతట తాను విడిపోతుంది, విడిపోతూ ఇంకా వేడి పుట్టిస్తుంది. 1998 డిసెంబర్‌లో అకాంకాగువా అనే ఓడలో ఈ సరుకున్న కంటైనర్‌ను ఇంధన ట్యాంకు పక్కన ఉంచారు. ఆ ట్యాంకును వేడి చేశారు. కంటైనర్ పేలి ఓడకు మంటలంటుకున్నాయి. ఇదే సరుకుకు మీ ట్యాంకర్‌లోని యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. అందుకే ఓడల్లో ప్రమాదకర సరుకుల నియమాల పుస్తకమైన ఐఎండీజీ కోడ్‌లో ఏ క్లాసు దేనికి ఎంత ఎడంగా ఉండాలో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. కెమిస్ట్రీ తెలియనివాళ్లు దాన్ని బట్టీ పట్టాలి. మూడేళ్లు ల్యాబ్‌లో గడిపిన పిల్లకు అదెందుకు అలా ఉందో చదవగానే తెలుస్తుంది. ఈ రంగంలో కాగితాలు తెలిసినవాళ్లకు రసాయనాల సంగతి తెలియదు, రసాయనాలు తెలిసినవాళ్లు కాగితాల జోలికి రారు. రెండూ తెలిసినవాళ్లు దొరకడం కష్టం.

కాగితంలో ఒక్క మాట తప్పు పడితే ఏమవుతుందో కూడా అమ్మాయికి తెలియాలి. 1996 మే 11న అమెరికాలో వాల్యూజెట్ విమానం కూలి 110 మంది చనిపోయారు. విమానం కింది అరలో ఆక్సిజన్ జనరేటర్లున్న పెట్టెలు వేశారు. కాగితంలో మాత్రం ‘ఖాళీ’ అని రాసి ఉంది. అవి ఖాళీవి కావు, మంటలు లేచింది వాటినుంచే. అంత దూరం ఎందుకు, 2025 అక్టోబర్‌లో మన చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయినప్పుడు, అందులో సెల్‌ఫోన్ల పార్శిల్ ఉందనీ బ్యాటరీలు పేలి మంటలు ఎక్కువయ్యాయనీ వార్తలొచ్చాయి. మనుషులు నిద్రపోతున్న బండిలోకి ఏ సరుకు ఎక్కుతోందో అడిగే మనిషి ఉండాలి. ఆ అడిగే ఉద్యోగం గురించే మనం మాట్లాడుకుంటున్నాం.

అందుకే మార్కులకంటే ముందు అమ్మాయి స్వభావం చూడమంటాను. ఓడకు సరుకు అప్పగించే గడువు (కటాఫ్) దగ్గరపడుతుంటే సరుకు పంపే పార్టీ ఫోన్ చేసి ‘ఈ ఒక్కసారికి పంపించేయండి మేడమ్’ అంటాడు. మేనేజరూ పక్కన నిలబడి గొణుగుతాడు. అప్పుడు గొంతు పెంచకుండా ‘కుదరదు సార్’ అనగలగాలి. మొహమాటం ఎక్కువున్న పిల్లయితే ఇబ్బంది పడుతుంది. ఓపిగ్గా ఇంగ్లిష్ చదవడం కూడా రావాలి. నియమాలు, డిక్లరేషన్లు అన్నీ అందులోనే ఉంటాయి. విమానాల నియమాల పుస్తకం ఏటా జనవరి 1న మారుతుంది, ఓడలది రెండేళ్లకోసారి.

ఉద్యోగాలు ఎక్కడంటారా? మన కెమికల్ ఫ్యాక్టరీల ఎక్స్‌పోర్ట్ విభాగాలు, హైదరాబాద్ ఫార్మా కంపెనీలు, శంషాబాద్, బెంగళూరు ఎయిర్ కార్గో, చెన్నై, విశాఖ పోర్టుల దగ్గర సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఫ్రైట్ ఫార్వర్డర్లు. మొదట్లో జీతం పెద్దగా ఉండదు. ఎయిర్ కార్గోలో నైట్ షిఫ్టులు తప్పవు, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఫ్యాక్టరీ ఎక్స్‌పోర్ట్ విభాగంతో మొదలుపెడితే మేలని నా అభిప్రాయం. సరుకు పుట్టే చోట నేర్చుకున్నంత లోతుగా పోర్టులో నేర్చుకోలేరు.

ఖర్చు లేకుండా ఇప్పుడే చేయదగ్గ పని ఒకటుంది. కాలేజీ ల్యాబ్‌లో రోజూ వాడే రసాయనాలు ఓ పది ఎంచుకుని, వాటి సేఫ్టీ డేటా షీట్లు (ఒక్కో రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రాలు) దించుకుని, 14వ సెక్షన్ చదవమనండి. నంబర్, క్లాసు, ప్రమాదం ఎంత తీవ్రమో చెప్పే ప్యాకింగ్ గ్రూపు అన్నీ అక్కడుంటాయి. ఆ పదిలో ఏవి పక్కపక్కన పెట్టకూడదో తనే ఆలోచించి రాయాలి. ఆ పని విసుగనిపిస్తే ఈ రంగం తనకు వద్దు, వేరే దారి చూద్దాం. ఇష్టంగా చేస్తే, పరీక్షలవగానే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైటైన నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని కెమికల్ కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించాలి. ఇంకా చదవాలనుకుంటే హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ ఉంది. అక్కడి రెండేళ్ల పీజీ డిప్లొమాలో సైన్స్ డిగ్రీవాళ్లు చేరొచ్చు. ప్రమాదకర సరుకుల పెట్టెలను, డ్రమ్ములను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా అదే.

ఎమ్మెస్సీ సీటు వస్తే దీనికోసం వదులుకోవద్దు. పీజీ అయ్యాక కూడా ఈ దారి తెరిచే ఉంటుంది.