రోజూ కృతజ్ఞత చూపితే నిజంగా సంతోషం పెరుగుతుందా?

పెరుగుతుంది, మొక్కుబడిగా చేయకపోతే. అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లఫ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారానికోసారి తమకు జరిగిన మేళ్లు రాసుకున్నవాళ్లు చికాకులు రాసుకున్నవాళ్లకంటే ఎక్కువ తృప్తిగా కనిపించారు. ఉన్నదానికి మనసు ఇట్టే అలవాటుపడిపోతుంది. రాస్తే అది మళ్లీ కంటబడుతుంది.

"అంతా బాగుంది" అని రాస్తే లాభం లేదు. "మోటారు కాలిపోయిన రోజు పక్కింటి వదిన అడక్కుండానే రెండు బిందెల నీళ్లు తెచ్చిపెట్టింది" అన్నట్టు మనిషీ పనీ కనబడాలి. వీలైతే ఆ మాట వదినతోనే అనండి, ఆమె నవ్వి కొట్టిపారేసినా సరే. మన నెల్లూరు రొట్టెల పండుగలో కోరిక తీరినవాళ్లు స్వర్ణాల చెరువుకి రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరి చేతిలో పెడతారు కదా, నాకు బాగా నచ్చేది ఆ పద్ధతే. దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం డైరీతో సరిపెట్టుకోకుండా డాక్టర్ని కలవండి.