వెయ్యి మంది కూడా లేని ఊరు టౌన్ ఎలా అయింది?

ప్రశ్న: మా అబ్బాయి ప్రాగ్‌లో చదువుతున్నాడు. ఎండాకాలం వెళ్తే కార్ల్‌ష్టెయిన్ కోట చూపించాడు. కోట కింద ఉన్న ఊరిని గైడమ్మాయి 'మార్కెట్ టౌన్' అంది. చూస్తే ఒక్క వీధి, అటూ ఇటూ గాజు సామాను కొట్లు, అంతే! దాన్ని టౌన్ అనడమేంటండీ? ఇంకో డౌటు, పక్కనే నది ఉండగా కొండ మీద అంత లోతు బావి ఎందుకు తవ్వారు?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మీరే కాదు, ఆ వీధిలో నడిచినవాళ్లెవరికైనా వచ్చే డౌటే ఇది. చెక్ దేశంలో మామూలు ఊరికీ పట్టణానికీ మధ్యలో 'మ్యెస్తిస్' అని ఒక హోదా ఉంది. పాతకాలంలో రాజో జమీందారో ఒక ఊరికి వారం వారం సంత, ఏడాదికోసారి పెద్ద సంత పెట్టుకునే హక్కు రాసిస్తే ఆ ఊరు మ్యెస్తిస్ అయ్యేది. అంటే చూసేది సంతనే, జనాభాని కాదు. కమ్యూనిస్టుల కాలంలో ఈ హోదా తెరమరుగైంది, మళ్లీ 2006లో చట్టం చేసి తెచ్చారు. ఇప్పుడు కొత్తగా పట్టణం అనిపించుకోవాలంటే 3 వేల మంది ఉండాలి, మ్యెస్తిస్‌కి ఆ లెక్క లేదు. నిజం చెప్పాలంటే ఇవాళ అది పేరుకి గౌరవమే.

అసలు ఆ ఊరి పాత పేరు బుద్‌న్యానీ. అవతలి ఒడ్డున ఉన్న ఇంకో చిన్న ఊరితో కలిపి, కోట పేరే పెట్టేశారు. ప్రాగ్‌కి నైరుతిగా 30 కిలోమీటర్ల దూరం, బెరౌంకా నది సున్నపురాయి కొండల్ని కోసుకుంటూ వెళ్లే చోటు. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1348లో కోట మొదలుపెట్టాడు (ప్రాగ్ విశ్వవిద్యాలయం పెట్టిందీ అదే ఏడాది, ఆయనకి తీరికనేదే ఉన్నట్టు లేదు). నది ఒడ్డున కట్టకుండా పక్కనున్న లోయలోకి జరిపి, కొండల మాటున కట్టించాడు. ఎందుకంటే అది ఆయన రోజూ ఉండే ఇల్లు కాదు, కిరీటాలూ, క్రైస్తవ సాధువుల ఎముకల్లాంటి పవిత్ర అవశేషాలూ దాచుకునే ఇనప్పెట్టె!

ఇక బావి. మీరు అడిగినదాంట్లో నాకు బాగా నచ్చింది ఇదే. సున్నపురాయిలో నీళ్లు నిలవవు, పగుళ్లలోంచి కిందకి జారిపోతాయి. సుమారు 80 మీటర్లు తవ్వినా ఊట పడలేదు. చివరికి కింద పారే వాగు నుంచి భూమిలో కాలువ తవ్వి ఆ నీళ్లని బావిలోకి మళ్లించారు, పైన పెద్ద చక్రంలో మనుషులు అడుగులేస్తూ తిప్పితే చేద పైకొచ్చేది. ముట్టడికొచ్చినవాళ్లకి ఆ కాలువ సంగతి తెలిస్తే, మూసేస్తే చాలు కోట పని అయిపోయినట్టే. అందుకే దాన్ని తవ్వినవాళ్లని చంపించేశారని ఒక కథ చెప్తారు. అది కథే అనుకోండి, కానీ ఆ భయం మాత్రం నిజమైనదే. 1422లో హుస్సైట్లు (చర్చి మీద తిరగబడ్డ యాన్ హుస్ అనే చెక్ మతబోధకుడి అనుచరులు) ఏడు నెలల పాటు ముట్టడించారు, కుళ్లిన కళేబరాలూ బళ్ల కొద్దీ పేడా లోపలికి విసిరారు, అయినా కోట లొంగలేదు.

మీరు ఫొటోలు తీసుకున్న కోట రూపం చాలావరకు 1887-1899 మధ్య యోసెఫ్ మోకర్ అనే వాస్తుశిల్పి బాగుచేయించినది. అంతకుముందే, 1862లో, ఇటు రైలు మార్గం వేశారు. అప్పటి నుంచి సంతకొచ్చే రైతుల కన్నా కోటకొచ్చే టూరిస్టుల మీదే ఊరు బతుకుతోంది, మీరు చూసిన కొట్లన్నీ ఆ బాపతే.

ప్రశ్న: చెక్ రాజుల కిరీటం ఇంకా ఆ కోటలోనే ఉందా?
(ఒక విద్యార్థి, గుంటూరు)

జవాబు: లేదు బాబూ, అక్కడ చూపించేది నకలు. అసలుది ప్రాగ్‌లో సెయింట్ వీటస్ చర్చిలో ఉంది. ఆ గదికి ఏడు తాళాలు, ఏడు తాళంచెవులూ ఏడు చోట్ల ఉంటాయి, ఒకటి దేశాధ్యక్షుడి దగ్గరే. అన్నీ ఒకచోటికి వస్తేగానీ తలుపు తీయడం కుదరదు.