మైకు ఆపమంటే ఆపాలా? ఒక ఆర్కెస్ట్రా వాడి జవాబు

మీరు అడిగింది ఇది: "పహల్గాం దాడి జరిగిన వారంలోనే మా కాలేజీ ఫెస్ట్ ఉంది. చివరి రోజు మ్యూజిక్ నైట్. సగం మంది ఆపేద్దామంటున్నారు, సగం మంది బ్యాండుకి అడ్వాన్స్ ఇచ్చేశాం కదా అంటున్నారు. ఇలాంటప్పుడు పాటలు, షోలు ఆపేయడం సరైనదేనా?"

నేను రాజమండ్రి చుట్టుపక్కల ఊళ్లలో ముప్ఫై అయిదేళ్లుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. రిసెప్షన్లు, తీర్థాలు (ఊరి జాతరలు), చవితి పందిళ్లు, ఇవే మా బతుకు. దేశంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా ముందు ఆగిపోయేది మా ప్రోగ్రామే. అందుకని నా జవాబులో కొంచెం స్వార్థం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు చిన్నప్పటి సంగతి. 1984 అక్టోబర్ 31న ఇందిరా గాంధీ మీద కాల్పులు జరిగింది పొద్దున తొమ్మిదీ ఇరవై ప్రాంతంలో. బీబీసీ విన్నవాళ్లకి ముందే తెలిసిపోయింది కానీ మన ఆకాశవాణి ఆవిడ పోయారని చెప్పింది సాయంత్రం ఆరింటికి. మా వీధి చివర కాకా హోటల్లో రేడియో పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమా పాటలతో మోగుతూ ఉండేది. మర్నాటి నుంచి ఒకటే వయొలిన్, ఒకటే వీణ, మధ్యలో సారంగి. హోటలాయన ముల్లు ఎటు తిప్పినా అదే. పాట లేకపోతే ఇడ్లీ కూడా సహించట్లేదని ఒకాయన అంటే, పక్కాయన ఆయన్ని కొట్టినంత పని చేశాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, వేళ కాని వేళ రేడియోలో ఆ వాద్యం వినపడితే చాలు, మా అమ్మ వంటింట్లోంచే "ఎవరు పోయార్రా?" అని అడిగేది.

పాపం సారంగి. పండిట్ రామ్ నారాయణ్ దాన్ని పక్కవాద్యం స్థాయి నుంచి తెచ్చి సోలో కచేరీ వేదిక ఎక్కించారు. ప్రపంచమంతా తిరిగి వాయించారు. ఇక్కడ మాత్రం నాయకులు పోయినప్పుడల్లా రేడియో వాళ్లు అదే వాయించడంతో మామూలు జనానికి అది చావు వాద్యం అయిపోయింది. షెహనాయిదీ అంతే. ఉత్తరాదిలో అది పెళ్లి వాద్యం, మనకి నాదస్వరం ఎలాగో వాళ్లకి అలాగ. మా ట్రూపులో ఒకసారి రిసెప్షన్‌కి షెహనాయి టోన్ వాడితే పెళ్లికొడుకు మేనమామ స్టేజి దగ్గరికొచ్చి "ఆ ఏడుపు ఆపవయ్యా" అన్నాడు.

ఇక అసలు రాత్రి. 1991 మే 21, మంగళవారం. కోనసీమలో ఒక పల్లెలో అమ్మవారి తీర్థం. నాకప్పుడు ఇరవై ఏళ్లు, ట్రూపులో చేరి ఏడాది. రెండు ట్రాక్టర్ ట్రక్కులు పక్కపక్కన పెట్టి పైన బల్లలు పరిచి స్టేజి వేశారు. వెనక జనరేటర్. ఒంటిగంట దాటి ఉంటుంది, మంచి ఊపు మీద ఒక డ్యూయెట్ నడుస్తోంది. ఒక కానిస్టేబుల్ స్టేజి ఎక్కి, ఎవరికీ ఏమీ చెప్పకుండా గాయకుడి చేతిలో మైకు మీద అరచెయ్యి పెట్టాడు. నేను చూడలేదు, వాయిస్తూనే ఉన్నాను. గొంతు ఆగిపోయి కీబోర్డు ఒక్కటే ఇంకో రెండు వరసలు నడిచింది. జనం కరెంటు సమస్య అనుకుని ఈలలు వేశారు. మా లీడర్ మైకు తీసుకుని "రాజీవ్ గాంధీ గారిని..." అని ఆగిపోయాడు. ఆయన సాయంత్రం విశాఖపట్నంలో ఉన్నారని, అక్కడినుంచి మద్రాసు వెళ్తారని ఊళ్లో అందరికీ తెలుసు. మన గడ్డ మీద నుంచి విమానం ఎక్కిన మనిషి రాత్రికి శ్రీపెరంబుదూరులో లేకుండా పోయాడు. ఈలలు ఒక్కొక్కటిగా ఆగాయి. జనరేటర్ మోత మాత్రం మిగిలింది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడే అసలు గొడవ మొదలైంది. ఆర్కెస్ట్రా ఆగిపోయింది సరే, గరగలు, అంటే అమ్మవారి ఘటాలు ఎత్తుకుని ఆడుతూ సాగే ఊరేగింపు, ఆగకూడదని పూజారి పట్టుబట్టాడు. అమ్మవారు ఊరు తిరిగి గుడికి చేరాలి, మధ్యలో ఆపితే ఊరికి మంచిది కాదని ఆయన మాట. శాంతిభద్రతల సంగతి ఏంటని కానిస్టేబుల్ మాట. చివరికి ఇద్దరికీ కుదిరిన బేరం ఏంటంటే డప్పులు కొట్టొచ్చు, మైకు ఉండకూడదు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. కానీ దరువు మారింది. అంతకు ముందు ఎగిరి గంతేయించిన దరువు నిదానంగా, ఒక్కొక్క దెబ్బ విడివిడిగా పడుతోంది. గరగ ఎత్తుకున్నవాళ్లు ఆడటం మానేసి నడుస్తున్నారు. వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

తెల్లవారుజామున చెరువు గట్టు మీద డప్పులు కాచుకుంటున్న పెద్దాయన్ని అడిగాను, అలా ఎలా మార్చారని. "మాకు పెళ్లి దెబ్బా తెలుసు, చావు దెబ్బా తెలుసు బాబూ. మీ పెట్టెకి ఒకటే తెలుసేమో" అన్నాడు. నా ఒళ్లో ఉన్న కేసియో పెట్టెలో వంద రిథమ్‌లు ఉన్నాయి. ఆ వేళకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

పొద్దున బస్సులు లేవు. కీబోర్డు తువ్వాలులో చుట్టి నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచాం. బయానా తప్ప మిగతా డబ్బులు రాలేదు, అడగడానికి మొహం కూడా లేదు.

ఆ పెద్దాయన మాట పట్టుకునే మీకు జవాబు చెప్తున్నాను. దుఃఖం అంటే నిశ్శబ్దం అన్నది మన పద్ధతి కాదండీ. మన ఊళ్లలో మనిషి పోతే డప్పు ఉంటుంది, రాత్రంతా భజన ఉంటుంది, ఆడవాళ్లు పోయినవాడి గుణగణాలన్నీ వరస కట్టి రాగం తీసి శోకాలు పెడతారు. పాట ఆగదు, పాట మారుతుంది. "వినోదం ఆపాలి" అన్నది ప్రభుత్వం పద్ధతి. అది కూడా మీరనుకున్నంత పెద్ద నిషేధం కాదు. జాతీయ సంతాప దినాలు ప్రకటిస్తే జెండా సగానికి దించుతారు, అధికారిక వినోద కార్యక్రమాలు ఉండవు. అధికారిక అన్న మాట గమనించండి. మీ ఇంటి పెళ్లికి, మా ప్రోగ్రాముకి ఆ మాట తగలదు. మన్మోహన్ సింగ్ గారు 2024 డిసెంబర్ 26న పోయారు, ఏడు రోజుల సంతాపం జనవరి 1 దాకా వచ్చింది. డిసెంబర్ 31 రాత్రి మాకు ఒక అపార్ట్‌మెంట్‌లో ప్రోగ్రాం. అసోసియేషన్ వాళ్లు రూల్ ఏంటో ఎవరినీ అడగలేదు, ఎవరో ఏదో అంటారేమోనన్న టెన్షన్‌తో 30న సాయంత్రం రద్దు చేశారు. పక్క వీధిలో మాత్రం డీజే బాక్సులు తెల్లారేదాకా మోగాయి.

ఆపడం తేలిక, మార్చడం కష్టం. మార్చడానికి టైం పడుతుంది. చైనా యుద్ధం 1962 నవంబర్‌లో ఆగింది. లతా మంగేష్కర్ ఢిల్లీ నేషనల్ స్టేడియంలో నెహ్రూ ముందు "ఏ మేరే వతన్ కే లోగో" పాడింది 1963 జనవరి 27న. అంటే రెండు నెలలు దాటాక. ప్రదీప్ రాశారు, సి. రామచంద్ర స్వరం కట్టారు. అరవై ఏళ్లు దాటినా ఆ పాటకి జనం లేచి నిలబడుతున్నారంటే, అందులో ఎవరి మీదా అరుపు లేదు, పోయినవాళ్లని తలుచుకోమని అడగడమే ఉంది. కీబోర్డు మీద వాయిస్తే తెలుస్తుంది, ఎక్కడా తొందరపడదు.

దానికి ఎదురుగా నేను చేసిన ఒక దిక్కుమాలిన పని చెప్తాను. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. రెండో రోజు మా ఏరియాలో కార్పొరేటర్‌గా నిలబడాలని చూస్తున్న ఒకాయన ఫోన్ చేశాడు. రేపటికల్లా జవాన్ల మీద పాట కావాలి, వీడియోలో తన ఫొటో రావాలి. ట్యూన్ వినిపిస్తే మొహం చిట్లించి "కొంచెం బీట్ పెంచండి, షేర్ చేసేలా ఉండాలి" అన్నాడు. పెంచాను. ఇంట్లో ఫీజు కట్టాల్సిన నెల, కాదనలేదు. వీడియోలో జవాన్ల ఫొటోలు నాలుగు సెకన్లు, ఆయన దండం పెడుతున్న ఫొటో ఇరవై సెకన్లు. మిగతా డబ్బు ఇంతవరకు ఇవ్వలేదు. ఆ డబ్బు నేనూ గట్టిగా అడగలేదు. అది వస్తే ఆ పాట నాదేనని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని ఒక పిచ్చి ఆలోచన.

సినిమా వాళ్లని ఈ విషయంలో తిట్టడం ఫ్యాషన్ గానీ, వాళ్లు మంచి చేసిన సందర్భాలు మా తరానికి గుర్తే. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెనలో వేల మంది కొట్టుకుపోయినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి జోలె పట్టారు. మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని చూపించాడట. నాకు గుర్తున్నది తలకాయలే. హుద్‌హుద్ తుపాను తర్వాత 2014 నవంబర్ 30న "మేము సైతం" అని రోజంతా ఆటలు, పాటలతో షో నడిపి విరాళాలు పోగు చేశారు. విశాఖలో ఇళ్లు కూలినవాళ్లు ఉండగా అంత్యాక్షరి ఏంటని అప్పుడు కొందరు మూతి ముడిచారు. నాకైతే ఆ రెండిటికీ తేడా కనపడదు. నవ్వించి అడిగినా, జోలె పట్టి అడిగినా డబ్బు వెళ్లింది అక్కడికే.

కరోనా వేరే కథ. ఆపమని ఎవరూ అడగక్కర్లేదు, అన్నీ వాటంతటవే ఆగాయి. రెండు పెళ్లిళ్ల సీజన్లు పోయాయి. మా ప్యాడ్ ఆర్టిస్టు కూరగాయల బండి పెట్టాడు, నేను ఇంటి ముందు టిఫిన్లు అమ్మాను. ఆ రోజుల్లో చౌరస్తా బ్యాండ్ "చేతులెత్తి మొక్కుతా" పాట వచ్చింది. ఏడిపించదు, ఊగించదు, ఎదురుగా నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. డప్పు పెద్దాయన వింటే మెచ్చుకునేవాడు. కరోనా మీద పాట రాసిన ప్రజానాట్యమండలి కళాకారుడు, ఆర్టీసీ ఉద్యోగి నిస్సార్ 2020లో ఆ జబ్బుతోనే పోయారు. ఆ వార్త చదివిన రోజు టిఫిన్ల బండి తియ్యలేదు.

సరే, మీ ఫెస్ట్ సంగతికి వద్దాం. పహల్గాంలో పోయిన 26 మందిలో మన విశాఖ, కావలి వాళ్లు కూడా ఉన్నారు. మీ హాస్టల్లో ఆ ఊళ్ల పిల్లలు ఉండే ఉంటారు, ముందు వాళ్లని అడగండి. వాళ్లు ఆపమంటే ఇంక చర్చ అక్కర్లేదు, ఆపేయండి. పర్లేదంటే ప్రోగ్రాం పెట్టుకోండి కానీ పాటల లిస్టు బ్యాండు వాళ్లతో కూర్చుని మళ్లీ రాయండి. నేను చూసిన అన్నిటిలోకీ ఘోరం ఏంటంటే, రెండు నిమిషాలు లైట్లు ఆర్పి సెల్‌ఫోన్ వెలుగులో మౌనం పాటించి, మూడో నిమిషంలో యాంకర్ "ఆర్ యూ రెడీ?" అని అరిచి ఐటెం సాంగ్ ఎత్తుకోవడం. ఆ స్టేజి మీద కీబోర్డు వాయించింది నేనే. మౌనం తర్వాత కనీసం ఒక్క నెమ్మది పాట పెట్టమని చెప్పాను, టైం లేదన్నారు. దేశభక్తి మెడ్లీ అంటూ డిస్కో బీటు మీద పాత పాటలన్నీ కుట్టేయడం కూడా వద్దు. నాలుగు మెలోడీలు చాలు, పాడగలిగే పిల్ల ఒకరుంటే ఇంకా మంచిది.

ఆపేద్దామనుకుంటే మాత్రం ఆ మాట బ్యాండు వాళ్లకి ఇవాళే చెప్పండి. వాళ్ల వ్యాను బయల్దేరాక ఫోన్ చేస్తే డీజిల్ ఖర్చు వాళ్లదే అవుతుంది, అడ్వాన్స్ వెనక్కి అడిగేవాళ్లు కూడా ఉంటారు. అడగకండి.