దేశం అప్పులు చూసి పోస్టాఫీసు డబ్బు తీసేయాలా?

ప్రశ్న: మాది బరంపురం. వయసు 62. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 20 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో వేసి ఏడాదిన్నర అయింది. ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోయిందని టీవీలో రోజూ వింటున్నాను. ఖాతా మూసేసి బంగారం కొనమంటారా? అసలు ఈ అప్పులకు బాధ్యులెవరు?

జవాబు: ఖాతా మూయకండి. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, అంటే 30,000 కోసేస్తారు. మిగిలిన 19.7 లక్షలు పట్టుకుని బంగారం కొట్టుకు వెళ్తే అందులో 57 వేలకు పైగా జీఎస్టీకే పోతుంది. నగలైతే తరుగు, మజూరీ వేరే. అన్నిటికంటే ముఖ్యం, మూడు నెలలకోసారి మీ పాస్‌బుక్కులో పడుతున్న 41,000 ఆగిపోతుంది. మందులకు, కరెంటు బిల్లుకు బీరువాలో బంగారం అక్కరకు రాదు.

ఇక టీవీ సంగతి. బరంపురంలో తెలుగు ఇళ్లలో మోగేవి ఆంధ్రా ఛానెళ్లే. అక్కడ చర్చించేది ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ అప్పుల గురించి. మీరున్నది ఒడిశాలో. 2025 జనవరిలో నీతి ఆయోగ్ 18 పెద్ద రాష్ట్రాల ఆర్థిక ఆరోగ్యాన్ని లెక్కగడితే ఒడిశా మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ 17వ స్థానంలో ఉన్నాయి. మీ డబ్బు ఈ రెండు రాష్ట్రాల్లో దేనికీ వెళ్లలేదు. జాతీయ చిన్న పొదుపు నిధి ద్వారా కేంద్రానికి చేరింది. అంటే మీరు భయపడుతున్న ఆ అప్పులో అప్పిచ్చినవాళ్లు మీరు కూడా. కేంద్రం అప్పులో సింహభాగం రూపాయల్లోనే ఉంది, ఇచ్చినవి మన బ్యాంకులు, ఎల్‌ఐసీ, భవిష్యనిధి, ఇలాంటి పొదుపులే. మీ అసలు సొమ్ము ఎగ్గొడతారన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది ధరల పెరుగుదలకు.

బాధ్యత దగ్గరకొద్దాం. ప్రభుత్వ అప్పులకు హద్దు పెట్టడానికి 2003లో పార్లమెంటు ద్రవ్య బాధ్యత చట్టం చేసింది. 2018 సవరణ ప్రకారం ద్రవ్యలోటు, అంటే రాబడి చాలక ఆ ఏడాది చేసే అప్పు, 2021 మార్చికి జీడీపీలో 3 శాతానికి, కేంద్రం అప్పు 2024-25 చివరికి 40 శాతానికి దిగాలి. కరోనా ఏడాదిలో లోటు 9.2 శాతమైంది. రెండు గడువులూ దాటిపోయాయి. ఇప్పుడు 2031 మార్చికి అప్పు 50 శాతం, ఒక శాతం అటూఇటూగా, అని కొత్త గీత గీశారు. గీత దాటితే ఆర్థికమంత్రి ఉభయ సభల్లో కారణం చెప్పాలని చట్టంలో ఉంది, శిక్ష మాత్రం లేదు. చట్టంలోని పెద్ద లోపం అదేనని నా అభిప్రాయం.

2025-26 బడ్జెట్ అంచనా చూడండి. కొత్తగా చేసే అప్పు 15.69 లక్షల కోట్లు. పాత అప్పుల మీద కట్టే వడ్డీ 12.76 లక్షల కోట్లు. కాబట్టి భారం ఒక్క పార్టీది కాదు, దశాబ్దాలుగా గద్దెనెక్కిన అందరిదీ. అయితే రెవెన్యూ లోటు, అంటే రోజువారీ ఖర్చులకు రాబడి చాలక పడే లోటు, 5.24 లక్షల కోట్లకు ఇవాళ్టివాళ్లే జవాబు చెప్పాలి. బోరు వేయడానికి చేసిన అప్పు వేరు, కిరాణా కొట్టులో రాయించిన అప్పు వేరు. ఇందులో 4.27 లక్షల కోట్లు ఆస్తుల నిర్మాణానికిచ్చే గ్రాంట్లని ప్రభుత్వం అంటుంది. మీ ఎంపీ ఓటడగడానికి వచ్చినప్పుడు, ఆ గ్రాంటుతో మన జిల్లాలో ఏది కట్టారో పేరు, చోటు చెప్పమనండి.

ఇంక మీరు చేయాల్సింది. వచ్చే 41,000లో ఎంతోకొంత మిగిలితే ఏడాది ఖర్చులకు సరిపడా సేవింగ్స్ ఖాతాలో పోగయ్యేవరకు కదపకండి. ఆపైన మిగిలేదాన్ని ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండ్లలో పెట్టొచ్చు. వడ్డీ 2025లో 8.05 శాతం, ఆరు నెలలకోసారి మారుతుంది. కానీ మీ వయసువాళ్లు ఆరేళ్లలోపు తీయలేరు, అత్యవసరపు డబ్బు అందులో పెట్టొద్దు. బంగారం మీద మనసుంటే మొత్తంలో పదోవంతు మించకుండా, నగలుగా కాకుండా గోల్డ్ ఈటీఎఫ్‌లో, అంటే షేర్లలా కొనే బంగారం ఫండ్‌లో, కొనండి. పోస్టాఫీసు ఖాతాకు అయిదేళ్లు నిండాక ఏడాదిలోపు దరఖాస్తు ఇస్తే మరో మూడేళ్లు పొడిగిస్తారు, అప్పటి రేటు వర్తిస్తుంది.